వాగుపై కాలువ, కాలువ క్రింద వాగు: బెజవాడ ఆనకట్టయు కృష్ణాడెల్టా జలసేతువులును

(స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృత్యర్థమై మనమీ సాయంకాలము సమావేశమైతిమో ఆ పెద్దలు తమ ఉద్యోగజీవితమంతయు కాలువగట్లమీద గడపినవారు. కాగితముమీది గీతకంటె గేజిరాతిమీది నీటిగుర్తును ఎక్కువగా నమ్మినవారు. అట్టివారిని తలంచుకొనుటకు గుణకీర్తనము చేయుటకంటె వారు నిత్యము చూచిన వస్తువును గూర్చి ముచ్చటించుట మేలని తోచి, కృష్ణా ఆనకట్టనుండి బయలుదేఱిన కాలువలు తమ దారికి అడ్డమువచ్చిన ఏళ్లను, వాగులను, మురుగుకాలువలను ఏ తీరున దాటినవో ఆ వృత్తాంతమును ఈనాటి విషయముగా ఎంచుకొంటిని. ఆనకట్టను కొనియాడినవారు పెక్కురు. ఆ ప్రశంస దానికి తగినదే. కాని ఆనకట్ట చేయునది నీటిమట్టమును పెంచి నిలుపుట మాత్రమే. అచటనుండి నీరు పొలమునకు చేరువఱకు గల దూరములో, భూమి తనంతట తాను ఏర్పఱచుకొన్న పారుదలను మనము త్రవ్విన కాలువ ఎన్నిచోట్ల అడ్డగించునో అన్నిచోట్లను ఇంజనీరునకు క్రొత్త చిక్కు పుట్టును. ఏటిమీదుగా కాలువను దాటించు అక్విడక్టులు, కాలువక్రిందుగా వాగును సాగనంపు యూటీలు ఆ చిక్కు తీర్చుటకై పుట్టినవి. డెల్టా బాగోగులు ఆనకట్టమీదకంటె ఈ కూడళ్లమీదనే ఎక్కువగా ఆధారపడియున్నవని నా దృఢవిశ్వాసము.

దీనికి మూలకారణము భూమి వాలులో నున్నది. మైదానమున నది పల్లమున పారును, ఇరుదరులను నేల దానివైపునకు వాలియుండునని సామాన్యముగా తలంతుము. డెల్టాలో సంగతి తలక్రిందులు. కృష్ణ వేలయేండ్లుగా వరదవచ్చినప్పుడెల్ల గట్టు పొర్లి, తెచ్చిన ఒండ్రులో బరువైన భాగమును గట్టుదాపునను, సన్నని మెత్తని మట్టిని దూరముగాను విడిచినది. అందుచేత ఏటిగట్టే ఆ ప్రాంతమున మెఱక, గట్టునుండి దూరము పోయినకొలదిని పల్లము. నదియు, దాని ప్రాతపాయలును బోర్లించిన పడవ వెన్నువలె ఎత్తైన దారులను నేలపై నిలిపి యుంచినవి. ఆ వెన్నులమీదుగా కాలువ త్రవ్వినచో ఇరువైపుల పొలములకును నీరు పల్లమునకు దిగినట్లు దిగును. ఎత్తిపోతల అక్కఱ లేదు. ఇది డెల్టావాసుల భాగ్యము. అయితే ఆ పొలములపై కురిసిన వాన తిరిగి కృష్ణలో కలియుటకు దారి లేదు. అది రెండు వెన్నుల నడుమ పల్లమును వెదకుకొని, తనదైన మురుగుత్రోవను పట్టి, కొల్లేటికో సముద్రమునకో నేరుగా పోవలసినదే. కొల్లేరు కృష్ణా గోదావరుల మెఱకల నడుమ మిగిలిన పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దానిలోనికి దిగును, ఉప్పుటేరు దాని నీటిని కడలికి చేర్చును. ఒక మెఱకనుండి మఱియొక మెఱకకు పోవదలచిన కాలువ ఈ పల్లములను దాటక తప్పదు.

బెజవాడ ఈ వాలునకంతకును శిరస్సు. ఎగువను దిగువను విశాలముగా పఱచుకొన్న కృష్ణ, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ ముప్పాతిక మైలు వెడల్పునకు కుంచించుకొనిపోయినది. అడ్డుగోడకు ఇంత పొట్టిచోటు, రాయికి రెండుకొండలు ప్రక్కనే, అచటినుండి డెల్టా మొదలు: ఇట్టి కూడిక అరుదు. నేటి బ్యారేజివద్ద నిండుమట్టము సముద్రముపై 57.05 అడుగులు. అచటినుండి బందరుతీరము నలువది మైళ్ల పైచిలుకు. మైలుకు అడుగు, అడుగున్నరకు మించని ఈ వాలులోనే కాలువ ప్రవాహము, లాకుల దిగుడు, తూములవద్ద పోవు మట్టము, పొలముగట్టువద్ద నిలువవలసిన బెత్తెడు నీరు, అన్నియు ఇమడవలెను. ఒక్క అంగుళమును ఎచట వ్యర్థము చేసినను శివారు భూములవాడు పంటతో చెల్లించును.

1792లోనే మేజరు బీట్సన్ కృష్ణాజలములను సేద్యమునకు మళ్లింపవచ్చునని సూచించెను. ఆ సూచన నలువదియేండ్లు అట్లే పడియుండెను. నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరుసీమను దహించివేసిన కరువులో అయిదులక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వఱకు మరణించిరని అంచనాలు. జనము దానిని డొక్కల కరువని తరతరములు చెప్పుకొనిరి. నది ప్రక్కనే ఉన్నది, మనుష్యులు దాని చేరువనే మాడిపోయిరి. అంతకు పూర్వమును కృష్ణనుండి చీల్చిన పంటకాలువలు లేకపోలేదు. కాని అవి నది పొంగినప్పుడు మాత్రమే నిండును, అవసరమైనప్పుడు ఎండును. నది మట్టమును మనుష్యుడు తన చేతిలోనికి తెచ్చుకొనిననేగాని ఆ దుఃఖము తీరదని అర్థమగుటకు అంతమంది ప్రాణములు బలికావలసివచ్చినవి. ఆ తరువాత కెప్టెన్ బకిల్, కెప్టెన్ లేక్ మొదలగువారు కొలతలు కొలిచిరి, నివేదికలు వ్రాసిరి. 1850లో కంపెనీ డైరెక్టర్ల అనుమతి లభించెను. 1852లో పని మొదలై 1855లో ముగిసెను. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ ప్రోత్సాహము, సలహా దీనికి దన్ను. నిర్మాణమును దగ్గఱనుండి నడపినవాడు కెప్టెన్ చార్లెస్ ఆర్. గోదావరిమండలములో కాటన్ పేరు ఇంటింటి పేరైనట్లు కృష్ణామండలములో ఆర్ పేరు కాలేదు. అది మనము తీర్చవలసిన ఋణమని నేను భావింతును.

ఆనకట్ట ఇసుకపై కట్టిన కట్టడము. ఏటినడుమ ఎంత లోతు త్రవ్వినను రాతినేల చేతికందు ఆశ లేదు. అట్టిచోట గోడ నిలుపుట ఎట్లో కాటన్ నేర్చుకొన్నది కావేరిపై చోళులనాటి కల్లణను చూచి. ఆ ప్రాచీనులే తమకు గురువులని అతడు దాపరికము లేక ఒప్పుకొనినాడు. ఆ విద్య సారము ఇది. ఇసుకపై నిలిచిన గోడకు అపాయము ఎదుటనుండి త్రోయు నీటివలన అంతగా లేదు. క్రిందుగా ఊరి, అవతల ఊటయై లేచి, ఇసుకరేణువులను ఒక్కొక్కటిగా మోసికొనిపోవు నీటివలనను, పైనుండి దుమికి గోడపాదమున గుంత పెట్టు నీటివలనను దానికి చేటు. మొదటిదానికి ఉపాయము ఊటదారిని పొడిగించుట, అనగా కట్టడమును వెడల్పు చేయుట, బావులు దింపి వానిపై గోడ నిలుపుట. రెండవదానికి ఉపాయము గోడ దిగువను పెద్ద పెద్ద బండరాళ్లతో వాలుదిబ్బ పఱచుట. నీరు గుంత పెట్టినచోట ఆ రాళ్లే దిగి గుంతను పూడ్చును. ఇట్లు రమారమి 3,700 అడుగుల పొడవున, రెండుకొండల రాయి ఏటిలోనికి దిగినది. దాని ఇరుకొనలను ఇసుకను తోడివేయు తూములు, వాని ప్రక్కనే కాలువలకు నీరిచ్చు తలతూములు అమర్చిరి. ఇట్టి ఆనకట్ట ఒకసారి కట్టి మఱచిపోవుటకు వీలైనది కాదు. ప్రతి వరదయు కొంత రాయిని ఈడ్చుకొనిపోవును, ప్రతి వేసవిని మరల రాయి పోయవలెను. తొంబదియేడు సంవత్సరములు అట్లు పోషింపబడిన పిదప 1952లో దానికి గండి పడెను. తాత్కాలికముగా పూడ్చి, 1954లో క్రొత్త బ్యారేజికి శంకుస్థాపన చేసి, 1957 డిసెంబరు 24న దానిని ప్రారంభించిరి. ఆ యేడే మే నెలలో పరమపదించిన ప్రకాశం పంతులుగారి పేరు దానికి పెట్టిరి. 1,223 మీటర్ల పైచిలుకు పొడవు, డెబ్బది గేట్లు, పైన రాకపోకలకు వంతెన: దానిని మీరెల్లరు దినమును చూచుచునే యున్నారు గనుక విస్తరింపను.

ఆనకట్ట ఎడమకొననుండి బయలుదేఱిన నీరు బెజవాడ నడిబొడ్డున మూడు ప్రధానమార్గములుగా చీలినది: బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ. కుడికొన సీతానగరమునుండి బయలుదేఱినది దుగ్గిరాల చేరి, అచట చీలి, ఒక శాఖ కొమ్మమూరు కాలువయై పెదగంజాము దాక పోయి బకింగ్‌హాము కాలువతో కలిసినది. ఈ రెండుదరుల కాలువలును కలిసి నేడు రమారమి పదమూడు లక్షల ఎకరములకు నీరిచ్చుచున్నవి. ఇందులో ఏలూరు కాలువ చరిత్ర మిక్కిలి చిత్రము. కృష్ణనుండి వచ్చు ఏలూరు కాలువయు, గోదావరినుండి వచ్చు ఏలూరు కాలువయు ఎదురెదురుగా పారుచు వచ్చి ఏలూరివద్ద కలిసికొనును. కాకినాడలో సరకెక్కిన గూటిపడవ ధవళేశ్వరము మీదుగా గోదావరి నీటివాలున ఏలూరికి దిగి, అచటినుండి కృష్ణనీటికెదురుగా లాకు లాకును ఎక్కుచు బెజవాడ చేరి, ఏరు దాటి కొమ్మమూరు కాలువలో దిగి, చెన్నపట్టణము దాక నీటిమీదనే పోగలిగెడిది. రైలు బెజవాడకు 1889లో వచ్చినది, కృష్ణపై రైలువంతెన 1893లో ఏర్పడినది. అంతకు ముందు ధాన్యము, పొగాకు, సున్నపురాయి, కలప, పెండ్లివారు, కచ్చేరికి పోవు వ్యాజ్యగాండ్రు, అందఱికిని రాజమార్గము కాలువయే. సేద్యముకంటె పడవదారిని కాటన్ తక్కువగా చూడలేదు. ఏలూరు లాకులు, బందరు లాకులు నేడు సిటీబస్సు కండక్టరు నోట ఊరిపేర్లవలె వినబడుచున్నవిగాని అవి ఆ రాదారి పడవలు ఎక్కిదిగిన మెట్లు.

లాకుపనిని దగ్గఱ నిలిచి చూడనివారికి ఒకమాట చెప్పుదును. ఎగువ తలుపులు మూసియుండగా పడవ దిగువనుండి తొట్టిలోనికి వచ్చును. దిగువ తలుపులు మూయుదురు. కాలువ కావలివాడైన లస్కరు ఎగువ తలుపులోని చిన్నతూములను ఇనుపకడ్డీకి తగిలించిన త్రిప్పుడుచీలతో మెల్లమెల్లగా ఎత్తును. తొందరపడి ఒక్కసారి ఎత్తెనా, నీరు నుఱుగులు క్రక్కుచు పడవను గోడకు కొట్టును. మెల్లగా ఎత్తినచో తొట్టి నిండుచున్నట్లు కంటికి తెలియక, గోడమీది నాచుగీత మునుగుటవలన మాత్రమే తెలియును. రెండువైపుల మట్టము సరియైన క్షణమున, అంతవఱకు పదిమంది త్రోసినను కదలని తలుపును ఒక్కడు వీపు ఆనించి తెఱవగలడు. మట్టముల తారతమ్యమెంత బలమైనదో, మట్టముల సామ్యమెంత సౌమ్యమైనదో పుస్తకము చదివి నేర్చుకొనుటకంటె లాకుగట్టుపై నిలిచి నేర్చుకొనుట సులభము.

ఇక ప్రధానవిషయమైన జలసేతువులకు వత్తును. వానిలో మన తెలుగుదేశమునకు జ్యేష్ఠమైనదిగా చెప్పదగినది కృష్ణామండలములో లేదు, కోనసీమలో నున్నది. విమానాశ్రయమున్న గన్నవరమును దీనితో కలిపి పొరబడుదురేమో; ఇది పి. గన్నవరము. వైనతేయపాయకు ఆవలనున్న నగరపులంకకు గోదావరి కాలువనీరు పోవలెనన్నచో పాయను దాటవలెను. 1852 ప్రాంతమున లెఫ్టినెంటు హెయిగ్ ఆ పాయపై నలువదితొమ్మిది కమానుల సేతువును కట్టించి దానిపై కాలువను పాఱించెను. ఒక్కొక్క కమాను వెడల్పు 40 అడుగులు. నడిమి స్తంభములతో కలిపి మొత్తము పొడవు 2,248 అడుగులు. ఆ కాలముననే ఉత్తరమున గంగాకాలువకై రూడ్కీవద్ద సోలానీనదిపై కాట్లీ దొర పదునైదు కమానుల జలసేతువును నిర్మించుచుండెను. గంగాకాలువ 1854లో తెఱవబడినది. పేరుప్రఖ్యాతులు సోలానికి దక్కినవి, దాని సింహములను చూచుటకు యాత్రికులు పోవుచున్నారు. మన గన్నవరపు సేతువు అంతకంటె పొడవైనదయ్యును మండలసరిహద్దు దాటి వినబడలేదు. ప్రాతదాని ప్రక్కనే కట్టిన క్రొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట నాకు మిక్కిలి సంతోషమును కలిగించిన సంగతి. ఆకలిగొనివచ్చినవానికి వేళ యడుగక అన్నము పెట్టిన ఆ ఇల్లాలి పేరు, లంకపొలములకు నీరిచ్చు కట్టడమునకు ఒప్పినట్లు మఱి ఏ పాలకుని పేరును ఒప్పదు.

వంతెనకును జలసేతువునకును నిర్మాణములో గల భేదమును సామాన్యజనము గుర్తింపరు. వంతెనపై భారము వచ్చును, పోవును. జలసేతువుపై భారము రాత్రింబవళ్లు నిలిచియుండును: ఘనమీటరు నీరు బరువున టన్ను. ఆ స్థిరభారమును మోయుటకు స్తంభములు సమర్థములైననే చాలదు. స్తంభములన్నియు ఒకే తీరున నిలువవలెను. ఒకటి అంగుళము క్రుంగినచో వంతెనపై బండి ఒక్క కుదుపుతో దాటిపోవును. జలసేతువు తొట్టిలో పగులు పుట్టి, నీరు కాఱి, కాఱిన నీరు సున్నమును కడిగి, పగులును పెంచును. కాబట్టి గానుగసున్నముతో వేసిన గచ్చు ఇచట అలంకారముకాదు, ప్రాణాధారము. ఇంకొక విశేషము విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. నిండుకాలువతో నున్న సేతువుపై సరకు నింపిన పడవ పోయినను స్తంభములపై అదనపు బరువు పడదు. పడవ తన బరువునకు సమానమైన నీటిని ప్రక్కకు త్రోసియే తేలును గదా. బండి వచ్చినప్పుడు వంతెన ఎఱుగు భేదమును పడవ వచ్చినప్పుడు సేతువు ఎఱుగదు. ఇక క్రిందుగా పారు నది విషయము. స్తంభములు నదీమార్గమును ఇఱుకు చేయును. ఇఱుకైనచోట వేగము హెచ్చును. వేగము స్తంభపాదములను కోయును. సముద్రమునకు చేరువైనచోట పోటు సమయమున నీరు వెనుకకు తన్ని, వరదమట్టమును కమాను గర్భము దాక లేపును. పైనీరును క్రిందినీరును, రెంటిని లెక్కించినవాడే జలసేతువును కట్టగలడు.

కృష్ణాడెల్టాలో గన్నవరపు సేతువునకు తోబుట్టువు పులిగడ్డ అక్విడక్టు. కృష్ణ పులిగడ్డవద్ద చీలి దివిసీమను తన రెండు చేతులనడుమ ఉంచుకొన్నది. చుట్టును నీరు, సేద్యమునకు నీరు లేదు. సముద్రపు ఉప్పు ప్రక్కనే కాచుకొనియున్నది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున చమురు ఇంజన్లతో ఏటినీటిని తోడి దివిపొలములకు పాఱించు ఏర్పాటు చేసిరి. అది ఆ కాలమునకు ఘనమైన సాహసమే. అయినను ఇంజను చమురు త్రాగును, చెడిపోవును, నది తక్కువైన దినములలో ఉప్పునీటిని తోడును. ఆనకట్టవద్ద ఎత్తైన మట్టమున బయలుదేఱిన నీటిని ఆ ఎత్తు చెడకుండ కృష్ణ ఎడమగట్టు వెంబడి తెచ్చి, పాయమీదుగా దాటించి, అవనిగడ్డ వైపు దింపుట శాశ్వతపరిష్కారమైనది. పులిగడ్డవద్ద నిలిచినవారు పైన తీయని నీరు దివిసీమకు, క్రింద ఆటుపోటుల నీరు ఒకప్పుడు కడలికి ఒకప్పుడు ఎగువకు పోవుటను ఒకేచోట చూడగలరు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచివేసినప్పుడు, ఉప్పుపట్టిన నేలను మరల పంటకు తెచ్చినది సంవత్సరము వెంబడి సంవత్సరము పైనుండి దిగిన ఈ తీయని నీటి కడుగుడే. మందుతో పోవు ఉప్పు కాదది. నీరు నిలిపి, కరగించి, మురుగులోనికి విడిచిననే పోవును.

రోమునగరపు జలసేతువులను, నీమ్ పట్టణమునకు నీరు మోసిన మూడంతస్తుల కమానులను మనము బొమ్మలలో చూచి ఆశ్చర్యపడుదుము. అవి స్నానశాలలకు, ఫౌంటెన్లకు, నగరవాసుల దాహమునకు. మన కాలువలు పైరుకొఱకే కదా యని ఎవరైన అనుకొనినచో, వారు వేసవికి ముందు డెల్టాగ్రామమున నొకవారము ఉండవలెను. భూగర్భజలము ఉప్పనైన పల్లెలలో మంచినీటి చెరువు కాలువనీటితో నిండవలసినదే. బందరుపట్టణము త్రాగునది తరకటూరు చెరువున నిలువచేసిన కాలువనీరే. కాలువలు కట్టివేయు తేదీ ప్రకటించినవెంటనే చెరువులు నింపుకొనుటకు పంచాయతీలవారు తూములవద్ద కావలియుందురు. ఆ దినములలో ఎగువగ్రామము ఒక్కపూట ఎక్కువ తీసికొన్నచో దిగువగ్రామమున బిందెకు వెలకట్టవలసివచ్చును. రోమునకు సేతువెట్టిదో బందరునకు ఈ కాలువ అట్టిది.

ఇంతవఱకు కాలువ పైన, ఏరు క్రింద. ఏరు చిన్నదై, కాలువ నేలకు దాపుగా పోవుచున్నప్పుడు కమానులు నిలుపుటకు ఎత్తు చాలదు. అప్పుడు వాగునే క్రుంగదీసి కాలువ అడుగునుండి సొరంగముగుండ సాగనంపి అవతల మరల పైకి లేపుదురు. ఇదియే యూటీ. బుడమేరు ఎనికేపాడువద్ద ఏలూరు కాలువను దాటునది ఇట్లే. యూటీలో నీరు పై కప్పునకు తగులుచు నిండుగా పారును; దానిని త్రోయు శక్తి ఇవతలి మట్టమునకును అవతలి మట్టమునకును గల భేదమొక్కటే. కొల్లేరు నిండి అవతలి మట్టము లేచెనా, ఆ భేదము తఱుగును. భేదము తఱిగినకొలదిని సొరంగము ఎంత వెడల్పైనను సాగనంపు నీరు తగ్గును. అప్పుడు ఎగువను వచ్చినది వచ్చినట్లు నిలిచి, ప్రక్కలకు ప్రాకి, ముంపగును. దీనికి తోడు సొరంగపు వంపున పూడిక దిగును, ముఖద్వారమున గుఱ్ఱపుడెక్క, తూటికాడ, ప్లాస్టిక్కు సంచులు, విఱిగిన కొమ్మలు చేరి చాపవలె అల్లుకొనును. పైన కాలువ చూచువారికి అంతయు సవ్యముగ నుండును. చిక్కు కంటబడనిచోట నున్నది.

బుడమేటిని బెజవాడ దుఃఖదాయిని యని అందురు. నిందను వాగుపై వేయుట నాకు రుచింపదు. మైలవరపు కొండలలో పుట్టి, వానకాలమున మాత్రమే పొంగి, కొల్లేటికి పోవు తన త్రోవన అది తాను పోవుచున్నది. వెలగలేరువద్ద రెగ్యులేటరు నిలిపి, మళ్లింపుకాలువ త్రవ్వి, దాని వరదలో కొంతభాగమును ఇబ్రహీంపట్టణము చేరువ కృష్ణలో కలుపు ఏర్పాటు చేసిరి. ఉపాయము మంచిదే. అయితే కృష్ణయు అదేవేళ పొంగినచో మళ్లింపుకాలువకు దింపుచోటు ఎత్తుపడి, నీరు వెనుకకు తన్నును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో జరిగినది అదియే. ప్రకాశం బ్యారేజి 11.90 లక్షల క్యూసెక్కులకు రూపొందింపబడినది. ఆ దినములలో దాని గుండ 11.43 లక్షల క్యూసెక్కులు పోయినవి. అంతకు మునుపెన్నడు నమోదుకాని వరద అది. కొట్టుకొనివచ్చిన పడవలు గేట్ల బరువుదిమ్మెలను విఱుగగొట్టినను బ్యారేజి చెక్కుచెదరక నిలిచెను. నగరమును ముంచినది కృష్ణ కాదు. కవులూరి దగ్గఱ మళ్లింపుకాలువ గట్టు తెగి ప్రాతత్రోవను పట్టిన బుడమేరు. సింగ్‌నగరు మొదలుకొని ఉత్తరపు పేటలన్నియు దినములకొలది నీటనుండెను; గండ్లు పూడ్చుటకు సైన్యము రావలసివచ్చెను. మహానదికి కట్టిన కట్టడము మహావరదను సాగనంపినది, చిన్నవాగుకొఱకు విడువవలసిన దారి చాలకపోయినది. నేనీ సాయంకాలము చెప్పవచ్చినదానికి ఇంతకంటె దుఃఖకరమైన నిదర్శనము వేఱొకటి లేదు.

ఇది క్రొత్తగా తెలిసిన సంగతియు కాదు. 1964 ముంపుల పిదప మిత్రా సంఘము డెల్టా మురుగుపారుదలను పరిశీలించి నివేదిక ఇచ్చినది. 1968లో శాసనము చేసి కృష్ణా గోదావరీ డెల్టా రైతులనుండి మురుగు పన్ను వసూలు చేసిరి. రైతు తన జేబునుండి పన్ను కట్టి మురుగుకాలువలు త్రవ్వించుకొన్నాడు. వానిని పూడనిచ్చినది, వాని గర్భమున ఇండ్లస్థలములు వేయనిచ్చినది, చేపలచెరువుల గట్లను అడ్డముగా లేపనిచ్చినది తరువాతి కాలము. కాలువకు గట్టువెంబడి లస్కరులుండిరి. ఎండ్రకాయ బొఱియనుండి నీరు చెమర్చినను రాత్రికి రాత్రి తాటిదుంగలు దింపి, మట్టిబస్తాలు పేర్చి కాచువారుండిరి. నీరు రాకున్న అడుగుటకు వేలమంది రైతులుండిరి. మురుగుకాలువ ఎండిన దినమున దానిని అడుగువాడు లేడు, పొంగిన దినమున అడిగి లాభము లేదు. నేడు కాలువలవద్ద సయితము లస్కరు ఉద్యోగములు చాలవఱకు ఖాళీగా నుండుట చూచి నాకు భయము కలుగుచున్నది.

మఱియొక కారణముచేతను కూడళ్లు నేడు మునుపటికంటె ముఖ్యమైనవి. నీరిప్పుడు ఒక్క కృష్ణనుండియే వచ్చుట లేదు. ఎగువ రాష్ట్రములలో కట్టడములు పెరిగి, జూనునాటికి కృష్ణనీరు బెజవాడ చేరుట అనుమానమైన సంవత్సరములు వచ్చినవి. కృష్ణాజలములను పంచిన బచావత్ ట్రిబ్యునలు డెల్టాకు కేటాయించిన 181.2 టి.ఎం.సి.లను ఆధునికీకరణ పేర తగ్గించి 152.2గా లెక్కించిరి. పులిచింతలవద్ద డాక్టరు కె. ఎల్. రావుగారి పేర వెలసిన జలాశయము కొంత దన్నైనది. 2015నుండి పట్టిసీమవద్ద ఎత్తిన గోదావరినీరు పోలవరము కుడికాలువగుండ వచ్చి, బుడమేటి మళ్లింపుకాలువలో దిగి, ఇబ్రహీంపట్టణము చేరువ పవిత్రసంగమమువద్ద కృష్ణలో చేరుచున్నది. అనగా వరదనీటిని సాగనంపవలసిన కాలువయే సేద్యపునీటిని మోయు కాలువయైనది. ఒకే కాలువకు రెండుపనులు అప్పగించినప్పుడు, రెండును ఒకేదినమున వచ్చినచో దేనికి దారి విడుతుమో ముందుగా లెక్క వేసికొనియుండవలెను. గోదావరిమట్టమును, కృష్ణమట్టమును, కొల్లేటిమట్టమును, బుడమేటి వానను నాలుగింటిని ఒకే పటముపై ఉంచి చూడవలసిన కాలము వచ్చినది. ఆ పటమును గీయుటకు మనకు విద్య చాలును, కొలతలు చాలవు.

అందుచేత ఈ స్మారకోపన్యాసమును ఏర్పఱచిన ధర్మనిధి నిర్వాహకులను ఒకటి కోరుచున్నాను. వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత కొలది వారములు మాత్రమే కాలువగర్భము, సొరంగపు ముఖములు, సేతువు స్తంభపాదములు కంటికి కనబడును. ఆ వారములలో బెజవాడ, గుడివాడ, బందరు, తెనాలి ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను జట్లుజట్లుగా పంపి, జలవనరులశాఖ అనుమతితో డెల్టాలోని ప్రతి అక్విడక్టునకు, ప్రతి యూటీకి, ప్రతి మురుగు కూడలికి కొలతలు తీయింపుడు: కన్నులెన్ని, ఒక్కొక్కదాని వెడల్పెంత, అడుగుమట్టమెంత, నేడు పూడిక ఎంత, ప్రక్క రైతు చెప్పిన ముంపుగుర్తు ఎచట. గట్టుమీద పుట్టిపెరిగిన వృద్ధ లస్కరులు ఇంకను ఉన్నారు. వారిని వెంటబెట్టుకొని పొండు, వారికి దినవేతనము ఇండు. వ్రాసినదానిని తెలుగున, రైతు చదువుకొనగల అక్షరములలో, గ్రామగ్రామమునకు ఒక ప్రతి చొప్పున అచ్చువేయింపుడు. కాలువలకు నీరు విడిచిన పిదప టెండర్లు పిలిచి, ఆ నీటిలోనే పూడిక తీసినట్లు బిల్లులు వ్రాయుట సాగదని గ్రామస్థులే చెప్పగలుగునట్లు ఆ పట్టికలు వారి చేతిలో నుండవలెను. మొదటి జట్టు ఎనికేపాడునుండి, రెండవది పులిగడ్డనుండి ఆరంభించినచో బాగుండునని నా సూచన; కొలతలు తీయవలసిన పద్ధతిని విద్యార్థులకు నేర్పుటకు నేను సిద్ధముగా నున్నాను.